మూడు పళ్ళ ఇత్తడి బిళ్ళ ఏమై ఉంటుంది?

గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ సత్యనారాయణపురంలోనో పాత పెంకుటిల్లు అపార్ట్‌మెంటుకు ఇచ్చే ముందు అటక ఖాళీ చేస్తారు. భోషాణం అడుగున గోనె ముక్కలో చుట్టిన సామాను బయటపడుతుంది. మరచెంబు, అడకత్తెర, కుంకుమ భరిణె ఇంట్లో అందరూ గుర్తుపడతారు. వాటి మధ్య ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది. రెండు వేళ్ళ వెడల్పు, పైన ఒక చిల్లు, కింది అంచున రంపానికి ఉన్నట్టు మూడు పళ్ళు. ఎనభై దాటిన మామ్మగారికీ అదేమిటో తెలియదు. ఒకరు పతకం అంటారు, ఒకరు తాళంచెవి అంటారు, మరొకరు ఏదో తాంత్రిక పూజకు సంబంధించినదంటారు. ఈ వాదన తేలకముందే ఎవరో ఒకరు దాన్ని చింతపండు పెట్టి తోమేస్తారు.

దాంతో సగం ఆధారం కాలవపాలు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఇత్తడి మీది చిలుమును కరిగిస్తుంది. ఆ చిలుము అన్నిచోట్లా ఒకే మందాన ఉండదు. చెయ్యి ఆనినచోట పలచగా, మూలల్లో దట్టంగా, ఇంకో వస్తువుతో రాసుకున్నచోట అసలు లేకుండా ఉంటుంది. వస్తువును ఎక్కడ పట్టుకునేవారో, దేనికి ఆనించేవారో ఆ తేడాను బట్టే తెలుస్తుంది. సందుల్లో పేరుకున్న సున్నం, నూనె జిడ్డు, మసి, పిండి కూడా తోముడుతోనే పోతాయి. ఒకసారి పోయాక మళ్ళీ రావు. అందుకని సంగతి తేలేదాకా చింతపండు, నిమ్మకాయ, పీచు, ఎమెరీ కాగితం, ఏదీ తగలకూడదు. మెత్తటి పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి చాలు. దులిపిందాన్ని కూడా తెల్లకాగితం మీద పట్టి పొట్లం కట్టి దాచండి.

ఒక జాగ్రత్త. గట్టిగా అంటుకుని ఉన్న ముదురాకుపచ్చ పొర వల్ల వస్తువుకు హాని లేదు. వేలితో తాకితే రాలే లేతాకుపచ్చ పొడి వేరు. అది లోహంలోకి చేరిన క్లోరైడు ఉప్పు వల్ల పుడుతుంది, తేమ తగిలినకొద్దీ రాగిని తింటూ పోతుంది. దులిపిన కొద్దిరోజులకే అదేచోట మళ్ళీ కనిపిస్తే ఆ జబ్బు ఇంకా నడుస్తోందని అర్థం. కృష్ణా డెల్టాలో వానాకాలపు తేమ దానికి మేత. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులతో పాటు పెట్టి, సంచులను అప్పుడప్పుడూ మార్చాలి.

పేరు వెతకడం కన్నా పని వెతకడం మేలని ఈ విషయం తెలిసినవాళ్ళు పదేపదే చెబుతారు. 'ఇది దేనిలా ఉంది?' అని అడిగితే ఊహలు పుట్టుకొస్తూనే ఉంటాయి, ఆగవు. 'దీంతో ఎవరి చెయ్యి, ఏ దిక్కుగా, దేని మీద పనిచేసింది?' అని అడిగితే ఊహలు ఒక్కొక్కటీ రాలిపోతాయి.

పెట్టెలో మిగతావి ఏమున్నాయి

వస్తువును చేతిలోకి తీసుకునే ముందే అది ఉన్నచోట ఉన్నట్టుగా ఫొటో తియ్యాలి. ఏ గుడ్డలో ఉంది, దేని పక్కన ఉంది, పెట్టెలో కాగితాలున్నాయా, ఉంటే అవి అడంగల్ నకళ్ళా, తాకట్టు పత్రాలా, మందుల చిట్టీలా? కంసాలి ఇంటి పెట్టెలో దొరికిన చిన్న త్రాసుకూ, కిరాణా కొట్టు పెట్టెలో దొరికిన త్రాసుకూ అర్థం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు పదవులు 1984లో రద్దయ్యాయి. అంతకుముందు చాలా ఊళ్ళలో ప్రభుత్వ కచేరీ, అంటే ఊరి ఆఫీసు, కరణంగారి అరుగే. ఉద్యోగపు సామాను ఇంటి సామానులో కలిసిపోవడం వింతేమీ కాదు.

ఇక్కడే అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మెరిసే ఇత్తడి ముక్కను ఉంచుకుని, దాని పక్కనున్న తుప్పు తీగలను, విరిగిన చెక్కలను, కుళ్ళిన తోలును పాత ఇనప సామాను కొనేవాడికి వేసేస్తారు. జవాబు తరచు ఆ తుప్పులోనే ఉంటుంది. ఒక్క మేకు కూడా పారెయ్యకండి.

ముక్కా, మొత్తమా

పేరు తెలియని వస్తువుల్లో ఎక్కువభాగం అసలు పూర్తి వస్తువులు కావు, ఇంకోదాని నుంచి ఊడిపడ్డ ముక్కలు. చెక్క చెదలపాలవుతుంది, తాడు చివికిపోతుంది, లోహపు భాగం ఒక్కటే ఒంటరిగా మిగులుతుంది. అరచేతి మందాన ఉన్న ఇనప కట్టు ఒకటి దొరికితే కడియమో, గొలుసు లంకెనో అనుకుంటారు. లోపలివైపు కొంచెం ఏటవాలుగా ఉండి, ఒక అంచు మాత్రం నున్నగా దెబ్బలు తిని ఉంటే అది రోకలి పొన్ను, అంటే రోకలి కొసకు తొడిగే కట్టు. బియ్యం దంచి దంచి అరిగినది ఆ అంచే. తల బలిసి, మొన వైపు చిన్న చిల్లున్న జానెడు ఇనప కడ్డీ ఆయుధం కాదు, బండి ఇరుసుకు చక్రం జారకుండా పెట్టే సీల.

ముక్క అని గుర్తుపట్టడానికి ఆనవాళ్ళున్నాయి. పని లేని చిల్లు, ఒకవైపే గరుకుగా వదిలేసిన ముఖం, లోపల మరచుట్టు, విరిగిన అంచు, దేనికో తగిలించడానికే అన్నట్టున్న కొక్కెం. గరుకుగా వదిలిన ముఖం ప్రత్యేకంగా చూడదగ్గది. పనివాడు కంటికి కనబడే వైపే నున్నగా చేస్తాడు. గరుకు ముఖం ఎప్పుడూ గోడకో, చెక్కకో, ఇంకో రేకుకో ఆనుకుని ఉండేదని అర్థం.

ఏ లోహం, ఎలా చేశారు

ముందు అయస్కాంతం. అంటుకుంటే ఇనుము. ఇత్తడి, రాగి, కంచు, వెండి అంటుకోవు. ఇత్తడి వస్తువులో ఒక్కచోటే అంటుకుంటే అక్కడ ఇనప రివిట్టో, లోపల ఇనప ఊచో ఉంది, ఆ చోటు రాసిపెట్టుకోండి.

తరువాత సాంద్రత. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. వంటింటి డిజిటల్ త్రాసు చాలు. వస్తువును పొడిగా తూచి బరువు రాసుకోండి. త్రాసు మీద నీళ్ళగిన్నె పెట్టి సున్నాకు తెచ్చుకోండి. వస్తువును సన్నటి దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగుకూ పక్కలకూ తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. అప్పుడు త్రాసు చూపే గ్రాములే ఆ వస్తువు ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. పొడి బరువును దాంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఇత్తడికి 8.4 నుంచి 8.7, రాగికి 8.9, వెండికి 10.5, సీసానికి 11.3, పోత ఇనుముకు 7.2 దరిదాపు, అల్యూమినియానికి 2.7.

340 గ్రాముల వస్తువు నీళ్ళలో 40 చూపిస్తే 8.5, ఇత్తడి. 38 చూపిస్తే 8.9, రాగి. 55 చూపిస్తే 6.2 వస్తుంది, అలాంటి మామూలు లోహం ఏదీ లేదు. లోపల బోలుగా ఉందన్నమాట, లేదా లక్క నింపి ఉంది. ఈ పరీక్ష తప్పేది మూడు కారణాల వల్ల. సందుల్లో బుడగలు చిక్కుకుంటే సాంద్రత తక్కువగా తేలుతుంది. వస్తువు అడుగుకు ఆనితే త్రాసు దాని బరువు కూడా మోసి లెక్క గందరగోళమవుతుంది. వస్తువు మరీ చిన్నదైతే త్రాసుకు చాలదు. గ్రాము చొప్పున చూపే త్రాసుతో 20 గ్రాముల బిళ్ళను ఇలా తేల్చలేం, ఎందుకంటే దాని ఘనపరిమాణం రెండున్నర దాటదు, అరగ్రాము తేడా వచ్చినా లోహమే మారిపోతుంది. పదో వంతు గ్రాము చూపే కంసాలి త్రాసు కావాలి. అదుంటే కూడా అంత చిన్నదాంట్లో ఇత్తడినీ రాగినీ విడదీసేది రంగే. ఇంకో ముఖ్యమైన మాట: వస్తువు సందుల్లో మసో, పిండో, సున్నమో కనబడితే నీళ్ళలో ముంచే పని అన్నిటికన్నా చివర పెట్టుకోండి.

కంచును సాంద్రతతో పట్టుకోవడం కష్టం. దాన్ని చెవి పడుతుంది. రాగిలో అయిదో వంతు దాకా తగరం కలిసిన కంచును దారంతో వేలాడదీసి వేలిగోటితో మీటితే చాలాసేపు మోగుతుంది. ఇత్తడి అంతసేపు పలకదు.

చేసిన విధానం కంటితోనే తెలుస్తుంది. పక్క నుంచి చుట్టూ ఒక సన్నటి గీత పోతుంటే రెండు సగాల ఇసక అచ్చులో పోసింది. గీత లేకుండా, వంపుల్లో కూడా నున్నగా ఉంటే మైనపు పోత, అంటే మైనపు బొమ్మ చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోసింది. ఒకే కేంద్రం చుట్టూ సన్నటి వలయాలుంటే తరమణి (లేత్) పట్టింది. గిన్నె లోపల గుంటలు గుంటలుగా ఉంటే సుత్తితో సాగదీసింది. మైనపు పోతలో ప్రతిసారీ అచ్చు పగలగొట్టాల్సిందే, కాబట్టి అలాంటి వస్తువులు రెండు అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే అనుమానించాలి.

కొన్ని ఆనవాళ్ళు వస్తువు ఇంతకన్నా పాతది కాలేదని హద్దు గీస్తాయి. మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం గిన్నెల తయారీ మొదలుపెట్టింది 1898లో. తుప్పుపట్టని స్టీలు 1913 తరువాతిది. నాలుగు పలకల గంటున్న ఫిలిప్స్ మరమేకు 1930లలోది. అలాగని ఒక్క మరమేకు చూసి వస్తువు మొత్తాన్ని కొట్టిపారెయ్యకూడదు, మరమ్మతులో కొత్తది బిగించి ఉండొచ్చు. ఆ మేకు చుట్టూ చిలుము తెగి ఉందో లేదో చూడండి. తెగి ఉంటే మేకు తరువాత వచ్చింది.

రాతలు ఎలా చదవాలి

మన ఇళ్ళ సామాను మీద చుక్కలతో చెక్కిన పేరు చేసినవాడిది కాదు, సొంతదారుది. పెళ్ళి సారెలో ఇచ్చినవారి పేరు, కొన్నవారి పేరు, ఇంటిపేరు పొడి అక్షరాలు ఉంటాయి. వాటిని కంపెనీ పేరనుకుని వెతికితే రోజులు గడిచిపోతాయి. తయారీ గుర్తు సాధారణంగా అడుగున, పోతలోనే ఉబికి, లేదా ఒక్క దెబ్బతో కొట్టిన ముద్రగా ఉంటుంది.

అరిగిన అక్షరాలు చదవాలంటే గది చీకటి చేసి, ఫోను టార్చిని వస్తువుకు పక్కగా, దాదాపు నేలబారుగా పట్టండి. గీతల నీడలు లేస్తాయి. పలచటి కాగితం మీద పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దినా అక్షరం దిగుతుంది. రాత అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటే చాలా సంగతి తేలినట్టే. అది ముద్రవేసే వస్తువు, అంటే కాగితం మీదికో లక్క మీదికో, చెక్కదైతే పెడనలో వాడే కలంకారీ అచ్చులా బట్ట మీదికో.

తెలుగు సంవత్సరం పేరు ఉంటే అరవై ఏళ్ళకోసారి అదే పేరు వస్తుందని గుర్తుంచుకోవాలి. 'రాక్షస' అంటే 1855, 1915, 1975 ఉగాదుల నుంచి ఏదైనా కావచ్చు. అక్షరాల తీరు, లోహం, అరుగుదల కలిపి చూసి ఒకటి ఎంచుకోవాలి. రెవెన్యూ సామాను మీది ఫసలీకి, అంటే భూమిశిస్తు లెక్కల సంవత్సరానికి, 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం, జులై ఒకటి నుంచి. ఫసలీ 1309 అంటే 1899 జులై నుంచి 1900 జూన్ దాకా. లాంతరు మీదో తాళం మీదో ఎం.ఎస్.ఎం. అనే ఇంగ్లీషు అక్షరాలుంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. 1908 నుంచి 1951లో దక్షిణ రైల్వేలో కలిసేదాకా ఆ పేరు నడిచింది, బెజవాడ దాని జంక్షనే. బాణం గుర్తు కింద 'ఐ' అక్షరం ఉంటే బ్రిటిష్ ఇండియా ప్రభుత్వ ఆస్తి. 'ఆర్.డి. నంబరు' ఉంటే బ్రిటన్‌లో 1884 నుంచి నమోదైన నమూనా. చెంచా వెనక ఇ.పి.ఎన్.ఎస్. అని ఉంటే అది వెండి పూత పూసిన నికెల్ మిశ్రమం, వెండి కాదు. దీనివల్ల చాలా కుటుంబాల్లో పంపకాల దగ్గర అపార్థాలొస్తాయి, ముందే చూసుకోవడం మంచిది.

అక్షరాలు కాక వట్టి గీతలు మాత్రమే ఉంటే వాటిని అలంకారమని వదిలెయ్యకండి. తెలుగు పాత భిన్నాల రాతలో నాలుగో వంతులకు నిలువు గీతలు, వీసాలకు, అంటే పదహారో వంతులకు, అడ్డగీతలు. చిన్న కొలపాత్ర మీద ఒక్క అడ్డగీత ఉంటే అది పదహారో వంతు కావచ్చు.

తూనిక అనుమానం వస్తే లెక్క ఇది. తులం 11.66 గ్రాములు. మూడు తులాలు పలం, 35 గ్రాములు. 24 తులాలు కచ్చాసేరు, 280 గ్రాములు. 120 తులాలు వీశె, సుమారు 1.4 కిలోలు. ఎనిమిది వీశెలు మణుగు. దేశంలో మెట్రిక్ తూనికలు 1958 అక్టోబరు నుంచి దశలవారీగా వచ్చాయి, అంతకుముందువి ఎక్కువగా ఈ లెక్కలోవే. అరుగుదల, తుప్పు వల్ల ఒకటి రెండు శాతం తేడా మామూలే. కానీ ఒక్క వస్తువు బరువు తులాల లెక్కకు సరిపడినంత మాత్రాన తూకపురాయి అనకూడదు, కాకతాళీయంగా కలిసేవి బోలెడు. రెండు మూడు వస్తువులు ఒకదానికొకటి సరిగ్గా రెట్టింపో నాలుగింతలో అయితే అప్పుడు బలం. గిన్నెలకూ అంతే. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. కొలవడానికి నీళ్ళు పొయ్యకండి, ఆవాలతో తలకొట్టుగా నింపి కొలజాడీలో పొయ్యండి.

అరుగుదల

ఇది నిదానంగా చూడాల్సిన భాగం. పది రెట్ల కంసాలి భూతద్దం, పక్క నుంచి వెలుతురు, పగటిపూట ఒక గంట కావాలి.

చిల్లును ముందు చూడండి. వేలాడే వస్తువు చిల్లు పై అంచున అరుగుతుంది. పక్కకు లాగే వస్తువు చిల్లు ఆ పక్కకే సాగుతుంది. చుట్టూ సమానంగా అరిగితే లోపల ఏదో తిరిగింది. తరువాత గీతలు. ఒకే దిక్కున బారులు తీరిన సన్నటి గీతలు ఒకే పని పదేపదే చేసిన గుర్తు, అన్ని దిక్కులకూ ఉన్న గీతలు విసిరెయ్యడం, ఈడ్చడం వల్ల వచ్చినవి. పిడి అరుగుదల ఒకవైపే ఉంటే బొటనవేలు అక్కడ ఆనేది. మీ చేతిలో అలాగే పట్టుకుని చూడండి, వస్తువు తానంతట తాను ఒక దిక్కుకు తిరుగుతుంది.

ముక్కున్న చిన్న ఇత్తడి గిన్నెనే తీసుకుందాం. చంటిపిల్లలకు పట్టే ఉగ్గుగిన్నెనూ, ఒత్తి వేసే దీపాన్నీ ఆకారం చూసి విడదియ్యలేం. దీపమైతే ముక్కు చివర మసి, లోపల ఎండి బంకగా మారిన నూనె ఉంటుంది, అడుగు కదలకుండా కూర్చునేలా ఉంటుంది. ఉగ్గుగిన్నె అడుగు అరచేతిలో ఇమిడేలా గుండ్రంగా ఉంటుంది, ముక్కు పెదవి నున్నగా అరిగి ఉంటుంది, మసి ఉండదు. చింతపండుతో తోమిన గిన్నెలో ఈ తేడా సగం మాయమవుతుంది.

సగం కోసిన గొట్టంలా ఉండి, ఒక కొస సూదిగా, రెండో కొసన పిడి ఉన్నది దొరికితే పాతకాలపు శస్త్రచికిత్స పరికరమనో, బాకు అనో అనుకుంటారు. మొన దగ్గర మెరుపు, వీపు వైపు పొడుగునా సన్నటి గీతలు, పిడి దగ్గర సందులో జనపనార పోగులు కనబడితే అది బస్తాకు గుచ్చి గింజలు తీసి చూసే గొట్టం. ధాన్యం, అపరాలు అమ్మకాలు జరిగిన గుంటూరు, విజయవాడల్లో అది ఇళ్ళల్లో దొరకడం సహజం. ఒక కొస మొన, రెండో కొస చిన్న కత్తి ఉన్న ఇనప పుల్లను కూడా ఇలాగే వైద్యుడికి అంటగడతారు. మొన కొసంటా నున్నబడి, కోసేంత పదును లేకుండా ఉంటే అది తాటాకుల మీద రాసే గంటం, కత్తి ఆకు కొసలు కోయడానికి.

నకిలీ కూడా అరుగుదల దగ్గరే దొరికిపోతుంది. చెయ్యి వెళ్ళలేని మూలలో కూడా నున్నగా అరిగి ఉంటే ఎవరో ఎమెరీతో అరగదీశారు.

సందుల్లో తెల్లటి గట్టి పదార్థం ఉంటే చాలామంది పసుపు రాసి ఎర్రబడుతుందా అని చూస్తారు. పసుపు, సున్నం కలిస్తే పారాణి కదా అని. ఆ పరీక్ష పాత వస్తువు దగ్గర తప్పుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని ఏళ్ళు గడిచేసరికి సుద్దగా మారుతుంది, సుద్దకు పసుపును ఎర్రగా మార్చే ఘాటు ఉండదు. సూదితో ఆవగింజంత గీకి, గాజుపలక మీద వేసి, దాని మీద ఒక్క చుక్క నిమ్మరసం వెయ్యండి. నురగ వస్తే సుద్ద, అంటే ఒకప్పటి సున్నం అయ్యేందుకు బలమైన అవకాశం. తాంబూలపు సామాను దారిలో వెతకొచ్చు. నిమ్మరసం వస్తువు మీద పడకూడదు, గీకిన పొడి మీదే. పిండి అనుమానమైతే ఇలాగే గీకిన పొడికి పుండ్ల మీద వేసే అయోడిన్ మందు చుక్క. నీలినలుపు వస్తే పిండి ఉంది, జంతికల గొట్టం లాంటి వంటింటి సామాను వైపు మొగ్గుతుంది.

ఊహలను కొట్టేయడం

ఇప్పుడు మూడు పళ్ళ బిళ్ళ దగ్గరికి. అది పొడిగా 20 గ్రాములు తూగింది, తులాల లెక్కకు కుదరదు కాబట్టి తూకపురాయి కాదు. రెండు ముఖాలూ ఒకేలా ఉన్నాయి, ఎక్కడా చిత్రపు పని లేదు. పతకమైతే ముందువైపు పని, వెనకవైపు ఒంటికి రాసుకున్న నునుపు ఉండాలి. తాళంచెవి అయితే తిప్పడానికి కాడ కావాలి, పళ్ళ పక్కలు అరగాలి, ఇక్కడ రెండూ లేవు. దువ్వెనో గీకేదో అయితే పళ్ళ కొసలు ఒక దిక్కుకు అరగాలి, ఇవి అన్నివైపులా సమానంగా మొద్దుబారాయి. ముఖాల మీద గీతలు నానా దిక్కులకూ ఉన్నాయి, అంచులు దెబ్బలు తిన్నాయి, సందుల్లో మట్టి ఉంది. చిల్లు లోపల ఎర్రటి తుప్పు మరక, అంటే ఇనప రింగు దూరి ఉండేది. నేల మీద ఈడ్చుకుపోయే ఇనప వస్తువుకు వేలాడిన బిళ్ళ అన్నమాట. తాంత్రిక పూజ అన్న ఊహ ఈ మట్టినీ, తుప్పునూ, దెబ్బలనూ, దేన్నీ వివరించదు. ఏ ఊహ అయినా ప్రతి భాగానికీ జవాబు చెప్పాలి, ఒక్కటి మిగిలినా ఆ ఊహ పక్కన పెట్టాల్సిందే.

మరి పళ్ళు మూడే ఎందుకు? చదువు అక్కర్లేకుండా, ఎటు నుంచి చూసినా, చేత్తో తడిమినా తెలిసే అంకె కాబట్టి. గోనె ముక్కలోని తుప్పు తీగలు ఇక్కడ పనికొస్తాయి. జానెడు కన్నా కొద్దిగా తక్కువ పొడుగు, రెండు కొసలూ ఉంగరంలా వంచి ఉన్నాయి. అది భూమి కొలిచే గొలుసు.

ఎకరాల లెక్కకు వాడిన గొలుసును గుంటర్ గొలుసు అంటారు. దాని పొడవు 66 అడుగులు, లింకులు నూరు, ఒక్కో లింకు 7.92 అంగుళాలు, అంటే 20.1 సెంటీమీటర్లు. పది చదరపు గొలుసులు ఎకరం. వెయ్యి చదరపు లింకులు సెంటు, ఇప్పటికీ మన జిల్లాల్లో స్థలాల లెక్కలో వినబడే సెంటు అదే. ప్రతి పది లింకులకూ ఒక ఇత్తడి బిళ్ళ వేలాడుతుంది. పదో లింకు దగ్గర ఒక పన్ను, ఇరవై దగ్గర రెండు, ముప్ఫై దగ్గర మూడు, నలభై దగ్గర నాలుగు, సరిగ్గా నడుమ యాభై దగ్గర గుండ్రటి బిళ్ళ. గొలుసును ఏ కొస నుంచైనా మొదలుపెట్టొచ్చు కాబట్టి రెండో సగంలో అవే బిళ్ళలు తిరగవరసలో వస్తాయి. అందుకని మూడు పళ్ళంటే 30 కావచ్చు, 70 కావచ్చు. కొలతగాళ్ళు తప్పు చేసేది కూడా సరిగ్గా ఇక్కడే. గుండ్రటి బిళ్ళ దాటామో లేదో చూసుకోకపోతే పొలంలో నలభై లింకులు గల్లంతు.

ఇంతటితో తేలిపోయిందనడానికి వీల్లేదు. ఇంజినీర్లు వాడిన నూరడుగుల గొలుసుకూ ఇవే పళ్ళ బిళ్ళలు, కానీ దాని లింకు అడుగు పొడవు, 30.5 సెంటీమీటర్లు. తీగ కొలిస్తే ఆ అనుమానం తీరుతుంది. మెట్రిక్ గొలుసు లింకు 20 సెంటీమీటర్లు, గుంటర్ లింకుకు దానికీ తేడా మిల్లీమీటరు పైచిలుకే, తుప్పు పట్టిన ఒక్క తీగతో తేల్చలేం. అక్కడ బిళ్ళే ఆదుకుంటుంది. మెట్రిక్ గొలుసుల బిళ్ళల మీద 'ఎం' అనే ఇంగ్లీషు అక్షరం కొట్టి ఉంటుంది. మన బిళ్ళ మీద లేదు.

అన్నీ ఇలా తేలవు. రోమన్ సామ్రాజ్యపు వాయవ్య భాగంలో, ఇప్పటి ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్లలో, పన్నెండు పంచకోణ ముఖాల బోలు కంచు వస్తువులు వందకు పైగా దొరికాయి. మొదటిది 1739లో నమోదైంది, 2023లో ఇంగ్లండ్‌లోని నార్టన్ డిస్నీలో కూడా ఒకటి బయటపడింది. ఆనాటి ఏ రాతలోనూ వాటి ప్రస్తావన లేదు. కొలత పరికరమని కొందరన్నారు, కానీ ఒక్కో దాని పరిమాణం, చిల్లుల వెడల్పు ఒక్కో రకం, ప్రమాణమే లేదు. పనిముట్టు అన్నారు, పనిముట్టుకు ఉండాల్సిన అరుగుదల కనబడదు. ఇన్ని నమూనాలుండి కూడా పని తెలియనప్పుడు, ఒక్క ఫొటో చూసి ఒక్క మాటలో పేరు చెప్పేవారిని తొందరపడి నమ్మకూడదు.

ఎవరిని అడగాలి

ఫోనులో ఫొటో పెట్టి వెతికితే ఆకారం కలిసినవన్నీ వస్తాయి. దానికి బరువు తెలియదు, పరిమాణం తెలియదు. అమ్మకాల పేజీల్లోని పేర్లు మరీ ప్రమాదం, తెలియనిదానికల్లా పూజ సామాను అనో గిరిజన వస్తువు అనో తగిలిస్తారు. విజయవాడ బాపు మ్యూజియం, గుంటూరు బౌద్ధశ్రీ మ్యూజియం శిల్పాల దగ్గర గొప్ప అండ. వృత్తి పనిముట్లకు మాత్రం ఆ పనిచేసిన మనుషులే దిక్కు. మగ్గం సామానైతే మంగళగిరి నేతగాళ్ళు, నాడెకూ కండెకూ తేడా అడగక్కర్లేకుండానే చెబుతారు. చెక్క ఉలులు, అచ్చులైతే కొండపల్లి, పెడన. సిగ్నల్ సామానైతే విజయవాడ జంక్షన్లో పనిచేసి రిటైరైనవాళ్ళు. గొలుసుకైతే పాత సర్వేయర్లు.

అడిగే పద్ధతి ఒకటుంది. మీ ఊహ ముందు చెప్పకండి. 'ఇది తాళంచెవి కాదాండీ బాబాయ్‌గారూ?' అంటే పెద్దవాళ్ళు మర్యాదకు అవునంటారు. ఏమీ అనకుండా చేతికివ్వండి, ఎలా పట్టుకుంటారో చూడండి. ఆ పని చేసిన చెయ్యి నోటికన్నా ముందే జవాబిస్తుంది. ఇద్దరిని విడివిడిగా అడిగి, మాటలు కలిస్తేనే రాసుకోండి.

చట్టం సంగతి తెలిసి ఉండాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన వస్తువులు, విలువైన రాతప్రతులైతే డెబ్బై అయిదేళ్ళు దాటినవి, పురావస్తువులు. ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. శిల్పాలు, వర్ణచిత్రాల్లాంటి కొన్ని రకాలను మాత్రం నమోదు చేయించుకోవాలి. వీటితో వ్యాపారం చెయ్యడానికి లైసెన్సు కావాలి, దేశం దాటించే హక్కు కేంద్రప్రభుత్వానికో అది అనుమతించిన సంస్థకో తప్ప ఎవరికీ లేదు. అమెరికాలో ఉన్న పిల్లలకు జ్ఞాపకంగా పంపించే ముందు అది పురావస్తువు కాదనే ధ్రువపత్రం భారత పురావస్తు శాఖ నుంచి తీసుకోవాలి. అటక మీద కాక పునాది తవ్వుతుంటే దొరికితే దారి వేరు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాగి ఉండి పది రూపాయల విలువ దాటిన ఏ నిధి దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే జైలుశిక్ష దాకా ఉంది.

తేలినదాన్ని, తేలనిదాన్ని ఒకే చీటీ మీద రాసి వస్తువుతోపాటు పెట్టాలి. మన బిళ్ళకు చీటీ ఇలా ఉంటుంది: 'భూమి కొలిచే గొలుసు బిళ్ళ, ఇత్తడి, 20 గ్రాములు, మూడు పళ్ళు, 30 లేదా 70 లింకుల గుర్తు. ఆధారం: చిల్లులో తుప్పు మరక, రెండు ముఖాల మీదా ఈడ్పు గీతలు, పక్కనే దొరికిన సుమారు 20 సెంటీమీటర్ల తీగలు. ఎం అక్షరం లేదు, కాబట్టి మెట్రిక్ గొలుసుది కాదు. ఎవరు చేశారో, ఏ ఏట చేశారో తెలియదు.' చీటీ పెన్సిలుతో రాయండి, సిరా తేమకు పాకుతుంది. బిళ్ళను, తుప్పు తీగలను, దులిపిన మట్టి పొట్లాన్ని, చుట్టి ఉన్న ఆ గోనె ముక్కను కూడా ఒకే డబ్బాలో పెట్టండి.